గజ్జి మందు, పేల మందు: ఎంత, ఎన్నిసార్లు, ఎవరెవరికి

మా ఊరి బస్టాండులో ఒకాయన చిన్న చిన్న డబ్బాలు అమ్మేవాడు. "గజ్జి, తామర, దురద, ఒరుపులు, దేనికైనా ఇదొక్కటే మందు" అని మైకులో రికార్డు, బస్సు కదిలేదాకా అదే. డబ్బా కొన్నా కొనకపోయినా ఆ పాట మాత్రం అందరి బుర్రల్లో ఉండిపోయింది, దాంతో పాటే ఒక తప్పు లెక్క కూడా: దురద అంటే ఒకటే జబ్బు, రాస్తే పోతుంది, పోకపోతే ఇంకాస్త రాయాలి.

మొన్న మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. మంచం మీద వరసగా మూడు: పిండీ పిండీ చదునైపోయిన పెర్మెత్రిన్ అనే గజ్జి క్రీము ట్యూబు, గజ్జికే మింగే ఐవర్‌మెక్టిన్ మాత్రల అట్ట, సగం ఖాళీ అయిన పాత లోషన్ సీసా. కింద మెసేజ్: "అన్నయ్యా, డాక్టర్ ఇచ్చిన ట్యూబు అయిపోయింది, వారమైనా దురద తగ్గలేదు. పాత లోషన్ కూడా రాసేయనా? చిన్నోడికి మాత్ర సగం చేసి వేయొచ్చా?"

నేను డాక్టర్ని కాను. బీఫార్మసీ చదివి ఎనిమిదేళ్ళు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. ఈ ప్రశ్న ఎన్ని గొంతుల్లో విన్నానో, ముఖ్యంగా హాస్టళ్ళకి సెలవులిచ్చిన వారం. నేను చూసినంతలో ఈ మందులు వికటించిన చోట దాదాపు ప్రతిసారీ ఒకటే మాట వినపడేది: "మొదటిసారి పనిచెయ్యలేదండీ, అందుకని మళ్ళీ..." ఆ మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అనేదే అసలు చిక్కుముడి. అది విప్పాలంటే పురుగు దగ్గర్నించి మొదలుపెట్టాలి.

గజ్జి వేరు, తామర వేరు, పేలు వేరు

తామర ఒక రకం బూజు. దానికి కాళ్ళుండవు, గుడ్లుండవు, గుండ్రంగా మచ్చలా పాకుతుంది, దాని మందులు వేరు. గజ్జితో జంటగా పేరు పడిపోయింది గానీ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు.

పేను ఆరు కాళ్ళ కీటకం, నువ్వుగింజంత ఉంటుంది. తల మీద రక్తం తాగి బతుకుతుంది, రోజుకి ఆరేడు గుడ్లు వెంట్రుక మొదట్లో జిగురుతో అంటిస్తుంది. ఆ గుడ్లే ఈర్లు. పేను ఎగరదు, గెంతదు, తలా తలా ఆనితే పాకుతుంది. తల నుంచి రాలిపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

గజ్జి పురుగు ఇంకో జాతి. ఎనిమిది కాళ్ళు, పశువులకి పట్టే పిడుదుల చుట్టం. ఆడపురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, అంటే కళ్ళు చికిలించి చూసినా చుక్కే. అది చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతూ నెల, నెలన్నర బతుకుతుంది. దానికి ఇష్టమైన చోట్లు వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, లుంగీ ముడో లంగా నాడానో పడే నడుము, మర్మాంగాలు. పాతవాళ్ళు చిడుము అనేది దీన్నే.

ఆశ్చర్యం ఏంటంటే, ఒళ్ళంతా గోక్కుంటున్న మనిషి మీద మామూలుగా ఉండే గజ్జి పురుగులు పదీ పదిహేను. అంతే. మరి అంత దురద ఎక్కణ్ణించి? పురుగు కుట్టడం వల్ల కాదది, పురుగూ దాని గుడ్లూ దాని మలమూ మన ఒంటికి పడక పుట్టే ఎలర్జీ. ఆ ఎలర్జీ తయారవడానికి మొదటిసారి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇదివరకే ఒకసారి గజ్జి వచ్చినవాళ్ళకైతే ఒళ్ళు గుర్తుపట్టేస్తుంది కాబట్టి ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది.

ఈ ఒక్క సంగతి నుంచి రెండు చిక్కులు పుడతాయి. మొదటిది, ఇంట్లో దురద లేనివాళ్ళు పురుగు లేనివాళ్ళు అనుకోవడానికి లేదు, నెల రోజులుగా మోస్తూ హాయిగా నిద్రపోతూ ఉండొచ్చు. రెండోది, పురుగులన్నీ చచ్చినా వాటి కళేబరాలూ గుడ్ల పెంకులూ చర్మంలోనే ఉంటాయి, పైపొర రాలిపోయేదాకా దురద పోదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఒకే పేరు, రెండు శాతాలు

పెర్మెత్రిన్ అనేది చామంతి జాతి పువ్వులో దొరికే పురుగుమందు నమూనాలో ఫ్యాక్టరీలో తయారు చేసిన రసాయనం. దోమల కాయిల్‌లో మందు కూడా ఈ కుటుంబందే. పురుగు నరాలని స్తంభింపజేస్తుంది. మన చర్మం లోపలికి ఇంకేది రాసినదాంట్లో 2 శాతమో అంతకన్నా తక్కువో, ఇంకింది కూడా ఒంట్లో త్వరగా విరిగిపోతుంది. అందుకే గజ్జికి చాలా దేశాల్లో డాక్టర్లు ముందు రాసేది ఇదే.

గందరగోళం శాతం దగ్గర. పేలకి వాడేది 1 శాతం, తల రుద్దుకుని పది నిమిషాలుంచి కడిగేసేది. గజ్జికి 5 శాతం, మెడ నుంచి అరికాలి దాకా రాసి ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచేది. పేరు ఒకటే అని పేల లోషన్ తెచ్చి చేతులకి రాసుకుని పది నిమిషాలకి కడుక్కున్నవాళ్ళని చూశాను, ఐదు శాతం క్రీము పిల్ల తలకి పట్టించి పొద్దున దాకా కట్టి ఉంచినవాళ్ళనీ చూశాను. మొదటివాళ్ళకి గజ్జి తగ్గదు, రెండోవాళ్ళ పిల్లకి తల మండుతుంది, ఇద్దరూ మందునే తిడతారు.

ఇంకోటి, "మెడ నుంచి కిందికి" అన్నది పెద్దవాళ్ళ సంగతి. పసిపిల్లలకీ బాగా వయసు మళ్ళినవాళ్ళకీ పురుగు తల మీదికి, మొహం మీదికి కూడా పాకుతుంది కాబట్టి కళ్ళూ నోరూ తప్పించి అక్కడా రాయమంటారు. మనకి ప్రత్యేకమైన చిక్కు చేతులు. పురుగులు ఎక్కువుండేది అక్కడే, మనం రోజుకి పదిసార్లు కడిగేదీ అవే. రాత్రి ఏడింటికి క్రీము రాసుకుని, తొమ్మిదింటికి అన్నం కలుపుకుని తిని, గిన్నెలు తోమి పడుకుంటే వేళ్ళ సందుల్లో మందు ఎక్కడుంటుంది? కడిగిన ప్రతిసారీ చేతులకి మళ్ళీ రాసుకోవాలని డబ్బా లోపలి కాగితంలో రాసుంటుంది. ఆ కాగితాన్ని మనం షాపులోనే పారేస్తాం.

ఒక ట్యూబు, ఏడుగురు మనుషులు

పిన్ని కూతురి ఇంటి లెక్కే వేద్దాం. తను, భర్త, అత్తగారు, హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన పదమూడేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ కొడుకు, పురిటికి వచ్చిన ఆడపడుచు, ఆవిడ నలభై రోజుల పాప. దురద ఉన్నది కూతురికీ కొడుక్కీ తనకీ మాత్రమే.

5 శాతం క్రీము పెద్ద మనిషికి ఒకసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది, పన్నెండేళ్ళు దాటినవాళ్ళకీ అంతే. ఎనిమిదేళ్ళ పిల్లాడికి అందులో సగం. ఐదుగురు పెద్దలకి 150, పిల్లాడికి 15, మొత్తం 165 గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబులు ఆరు. వారం తర్వాత రెండోసారి మళ్ళీ ఆరు. వీళ్ళు వాడింది ఒకటి, అదీ ముగ్గురు కలిసి, పొక్కులున్న చోట చుక్క చుక్క పెట్టుకుని.

తప్పు వీళ్ళదే అని తేల్చేయడం కూడా న్యాయం కాదు. పన్నెండు ట్యూబులు చీటీలో రాస్తే చాలా ఇళ్ళల్లో ఆ డబ్బు వెంటనే ఉండదు, రద్దీలో ఉన్న డాక్టర్ "ఒళ్ళంతా, ఇంటిల్లిపాదీ" అన్న మాట అర నిమిషంలో అనేసి ఉంటాడు, అది దురద ఉన్నవాళ్ళకే అని వీళ్ళు అర్థం చేసుకున్నారు. ఐతే ఫలితం మాత్రం ఒకటే: ఏడుగురిలో నలుగురి మీద చెయ్యి వెయ్యలేదు, మిగతా ముగ్గురి మీద కూడా పొక్కులు లేని చోట దాక్కున్న పురుగులు క్షేమం. దీన్ని మందు ఓడిపోవడం అనలేం, మందు ఇంకా బరిలోకి దిగలేదు.

పాప సంగతి విడిగా చూడాలి. పెర్మెత్రిన్‌ని రెండు నెలలు నిండిన పిల్లల నుంచి వాడతారు. అంతకంటే చిన్నపిల్లలకీ, కొన్నిసార్లు గర్భిణులకీ, డాక్టర్లు వ్యాజలీనులో కలిపిన గంధకం లేపనం రాస్తారు. కంపు కొడుతుంది, బట్టలకి అంటుతుంది, వరసగా మూడు రాత్రులు రాయాలి, కానీ చాలా పాత, నెమ్మదైన మందు. గర్భిణులకి పెర్మెత్రిన్ కూడా డాక్టర్లు ఇస్తారు. పాలిచ్చే తల్లి రాసుకుంటే రొమ్ము దగ్గర మందు పాలు పట్టేముందు కడుక్కుని తర్వాత మళ్ళీ రాసుకోవాలి.

మాత్ర లెక్క బరువుతో

ఐవర్‌మెక్టిన్ పేరు కరోనా రోజుల్లో ఇంటింటికీ తెలిసింది, అప్పుడు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం తప్పు. అసలు కథ జపాన్ మట్టిలో మొదలైంది. అక్కడి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు ఇది. ఆ సూక్ష్మజీవిని పట్టిన సతోషి ఓమురా, దాన్ని మందు దాకా తెచ్చిన విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మొదట పశువులకి వాడారు, తర్వాత మనుషులకి. బోదకాలు నిర్మూలనకి మన దేశంలో కొన్ని జిల్లాల్లో మింగించే మూడు మందుల్లో ఇదొకటి.

గజ్జికి మోతాదు కిలో బరువుకి 200 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, ఇరవై కిలోల పిల్లాడికి 4. "సగం చేసి వేయొచ్చా" అన్న ప్రశ్న అందుకే ప్రమాదం, మాత్ర 3 మిల్లీగ్రాములదా, 6దా, 12దా తెలీకుండా సగం అంటే దేంట్లో సగం? అట్ట మీద 12 ఉంటే సగం 6, ఇరవై కిలోల పిల్లాడికి ఒకటిన్నర రెట్లు. పదిహేను కిలోలకి తక్కువ ఉన్న పిల్లలకీ గర్భిణులకీ మామూలుగా ఇవ్వరు. వార్‌ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్ళు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పి తీరాలి. అన్నం తిన్నాక వేసుకుంటే మందు ఒంటికి ఎక్కువ పడుతుంది, గజ్జికి డాక్టర్లు అలాగే వేసుకోమంటారు.

రెండో విడత ఎందుకంటే, ఈ మాత్ర బతికున్న పురుగుని చంపుతుంది గానీ గుడ్డుని చంపదు. గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది, బయటికొచ్చిన పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు వారాల దాకా పడుతుంది. ఆ మధ్య కాలంలో, అంటే ఏడు నుంచి పద్నాలుగు రోజుల లోపల రెండోసారి పడాలి. మొదటి మోతాదే రెట్టింపు చేస్తే ఈ పని జరగదు, గుడ్డుకి ఎంత వేసినా లెక్కలేదు, మనకి మాత్రం లెక్కే.

పశువుల మందుతో లెక్క ఎలా తప్పుతుందో చూడండి. పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, యాభై కిలోల పశువు బరువుకి ఒక మిల్లీలీటరు చొప్పున. "అదే మందు కదా, చవక కదా" అని ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఇరవై కిలోల పిల్లాడికి తాగిస్తే 50 మిల్లీగ్రాములు పడినట్టు. కావలసింది 4, పడింది పన్నెండు రెట్ల పైన. మామూలు మోతాదులో ఈ మందుని మెదడులోకి రానివ్వకుండా మన ఒంట్లో ఒక కాపలా ఉంటుంది, దాన్ని ముంచెత్తేలా వేస్తే వాంతులు, తూలడం, మత్తు, ఫిట్స్ దాకా వెళ్తుంది. ఇన్ని ఎకరాలకి ఇన్ని డబ్బాలు అని పొలం మందు లెక్క కచ్చితంగా పాటించే మనిషి, ఇంటికొచ్చేసరికి చెంచాతో కొలుస్తాడు.

క్రీమా, మాత్రా

దీని మీద వైద్యులే ఒక మాట మీద లేరు, రెండు వైపులా సరుకుంది. వైద్య పరిశోధనల్ని వడపోసి చూసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018 సమీక్షలో అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని కలిపి చూసి, గజ్జి నయమవడంలో రెంటికీ పెద్ద తేడా లేదని తేల్చింది. క్రీము వైపు వాళ్ళ వాదన భద్రత: లోపలికి దాదాపు వెళ్ళదు, పసిపిల్లలకీ పనికొస్తుంది. మాత్ర వైపు వాళ్ళ వాదన మనుషుల స్వభావం: వీపు మధ్యలో ఎవరు రాస్తారు, రాత్రంతా జిడ్డుతో ఎవరు పడుకుంటారు, హాస్టల్లో ఎనభైమంది పిల్లలకి ఒళ్ళంతా రాయించేది ఎవరు, మాత్రైతే ఎదురుగా మింగించొచ్చు.

ఫిజీ దీవుల్లో చేసి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ రెండో వాదనకి బలం. ఒకచోట దురద ఉన్నా లేకపోయినా ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు, ఒకచోట ఊరందరికీ పెర్మెత్రిన్, ఇంకోచోట మామూలు పద్ధతిలో రోగికీ దగ్గరివాళ్ళకీ మాత్రమే క్రీము. ఏడాది తర్వాత చూస్తే మాత్రలిచ్చిన చోట గజ్జి 32.1 శాతం నుంచి 1.9కి పడిపోయింది. ఊరందరికీ క్రీము ఇచ్చిన చోట 41.7 నుంచి 15.8కి, మామూలు పద్ధతిలో 36.6 నుంచి 18.8కి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది, 2019లో ఐవర్‌మెక్టిన్‌ని గజ్జికి అత్యవసర మందుల పట్టికలో పెట్టింది.

అలాగని ఫిజీ లెక్కని ఒక ఇంటికి దించడం కుదరదు. అక్కడ తేల్చింది ఊరు మొత్తానికి వైద్యం చేస్తే ఏమవుతుందో, ఒక రోగికి ఏది మెరుగో కాదు. రెండూ కలిపి ఇచ్చే సందర్భం కూడా ఉంది, పొలుసు గజ్జి అనొచ్చు దాన్ని. ముసలివాళ్ళకీ, రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్ళకీ, ఏళ్ళ తరబడి స్టీరాయిడ్లు వాడినవాళ్ళకీ వస్తుంది. పదీ పదిహేను బదులు వేలూ లక్షల పురుగులు, చర్మం చెక్కు కట్టినట్టు దళసరిగా ఉంటుంది, దురద తక్కువగా కూడా ఉండొచ్చు కాబట్టి గజ్జి అనే అనుకోరు. అది ఇంట్లో తేలే వ్యవహారం కాదు.

పొలంలో నిషేధం, ఒంటి మీద అనుమతి

ఇక ఆ పాత సీసా. మూత మీద పేరు చెరిగిపోయినా లేబుల్ వెనక "గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ 1 శాతం" అని కనపడింది. మన రైతుల్లో పెద్దవాళ్ళకి బీహెచ్‌సీ పొడి, గమాక్సిన్ గుర్తుండే ఉంటాయి, ఆ కుటుంబమే ఇది, ఇంకో పేరు లిండేన్. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం దీన్ని ప్రపంచవ్యాప్తంగా తొలగించాల్సిన విషాల జాబితాలో పెట్టింది, గజ్జికీ పేలకీ మందుగా వాడుకోవడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మన దేశంలో పంటల మీద వాడకం 2013 నుంచి నిషేధం. అమెరికాలో కాలిఫోర్నియా 2002 నుంచి మందుగా కూడా వద్దంది, 2003లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ డబ్బా మీద నల్ల గడి హెచ్చరిక, అంటే అక్కడ మందులకి పెట్టే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక, పెట్టించింది.

వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పేది అబద్ధం ఏమీ కాదు: చవక, దశాబ్దాలుగా కోట్లమంది వాడారు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి చెప్పినట్టు ఒక్కసారి రాసుకుంటే మామూలుగా ఏమీ కాదు. ఇబ్బంది "చెప్పినట్టు, ఒక్కసారి" అన్న రెండు మాటల దగ్గరే. ఇది చర్మం గుండా లోపలికి వెళ్ళి కొవ్వులో నిలవుంటుంది, మెదడు మీద పనిచేస్తుంది. మళ్ళీ మళ్ళీ రాసిన చోట ఫిట్సూ, మరణాలూ నమోదయ్యాయి. నల్ల గడిలో ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పింది పసిపిల్లలు, పిల్లలు, ముసలివాళ్ళు, యాభై కిలోలకి తక్కువ బరువున్నవాళ్ళు, వేరే చర్మ రోగాలున్నవాళ్ళ గురించి. మూర్ఛ ఉన్నవాళ్ళకి అసలే వద్దు.

మన అలవాట్లు దీనికి ఇంకా ఆజ్యం పోస్తాయి. గజ్జి అనగానే ముందు వేణ్ణీళ్ళతో, వేపాకు మరిగించిన నీళ్ళతో ఒళ్ళు రుద్ది స్నానం చేయిస్తాం, తడి ఆరకుండా మందు రాస్తాం, మండుతుంటే పైన కొబ్బరినూనె. వేడినీళ్ళు, తడి చర్మం, నూనె, గోకిన పుళ్ళు, ఈ నాలుగూ లిండేన్‌ని లోపలికి ఎక్కువ పంపించేవే. పిన్ని కూతురు అడిగింది దీన్నే, వారం రోజులు గోకి పుళ్ళు పడ్డ ఇరవై కిలోల పిల్లాడి ఒంటికి రాయమంటావా అని. వద్దని చెప్పడానికి నాకు రెండో ఆలోచన అక్కర్లేకపోయింది.

పేలు: ఎండిన ఈరు వయసెంత

పేల దగ్గర డాక్టర్ మందు కన్నా ఇంటి మందులే ఎక్కువ భయం. కిరోసిన్ పట్టించి పొయ్యి దగ్గరికి వెళ్ళడం, బొద్దింకల చాక్‌పీస్ తలకి రాయడం, పొలానికి కొట్టగా మిగిలిన మందు నీళ్ళల్లో కలిపి తల రుద్దడం. చివరిదాంతో పిల్లలు నురగలు కక్కి ఆసుపత్రికి వెళ్ళిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. తల చర్మం ఊరికే పీల్చేసుకుంటుంది, గోకి గోకి చిట్లి ఉంటే ఇంకా. అమెరికాలో డాక్టర్ చీటీ మీద ఇచ్చే మాలథియాన్ లోషన్ ఉంది, తయారీలో ఆల్కహాల్ ఉంటుంది, రాసుకున్నాక హెయిర్ డ్రయ్యర్ పెడితే నిప్పంటుకుంటుంది. పేరు చూసి ఇక్కడ పురుగుమందుల కొట్లో దొరికే మాలథియాన్ అదే అనుకోవడం ఘోరం. రసాయనం ఒకటే, శుద్ధి వేరు, బలం వేరు, కలిపిన ద్రవం వేరు.

పేల మందుల్లో చాలావరకు నరాల మీద పనిచేసేవి. గుడ్డులో మొదటి కొన్ని రోజులు నరాలే తయారై ఉండవు, ఇంక మందు దేని మీద పనిచేస్తుంది? ఈరు వారం పది రోజుల్లో పగులుతుంది కాబట్టి పెర్మెత్రిన్ లాంటి వాటిని తొమ్మిదో రోజు ప్రాంతంలో మళ్ళీ పెట్టిస్తారు. రెండో రోజే "ఇంకా కనపడుతున్నాయి" అని మళ్ళీ రుద్దితే ఉపయోగం లేదు, అవి ఈర్లు.

ఈరు బతికుందా, ఖాళీ పెంకా అన్నది దూరాన్ని బట్టి చెప్పొచ్చు. పేను గుడ్డు పెట్టేది వెంట్రుక మొదట్లోనే. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తలకి మూడు సెంటీమీటర్ల దూరంలో ఈరు కనిపిస్తే అది పెట్టి మూడు నెలలైంది, ఎప్పుడో పగిలిపోయింది. దాన్ని చూసి మందు పట్టించడం అంటే ఖాళీ ఇంటికి తాళం పగలగొట్టడం. అక్కడ కావలసింది పేల దువ్వెన, పాతవాళ్ళ ఈరుపెన, తడి జుట్టులో ఓపిగ్గా. అమెరికాలో ఈర్లు కనపడగానే స్కూలు నుంచి ఫోనొచ్చి పిల్లని తీసుకెళ్ళమంటే కంగారుపడే మనవాళ్ళకి ఒక మాట: అక్కడి పిల్లల వైద్యుల సంఘమే ఈర్ల కోసం పిల్లల్ని బడి మాన్పించొద్దంటోంది.

ఐతే పేల విషయంలో మందుకి లొంగకపోవడం నిజంగానే ఉంది. పెర్మెత్రిన్ పట్టుకునే నరాల ద్వారమే మారిపోయిన పేలు చాలా దేశాల్లో దొరికాయి. సరిగ్గా పెట్టినా మర్నాడు పేలు చురుగ్గా తిరుగుతుంటే అదే మందు మూడోసారి పెట్టడం కన్నా వేరే జాతి మందుకి మారడం గురించి డాక్టర్‌ని అడగాలి.

రెండు వారాల తర్వాత కూడా దురద

ఇప్పుడు "మొదటిసారి పనిచెయ్యలేదండీ" అన్న ఆ మాట దగ్గరికి వద్దాం. వైద్యం అంతా సరిగ్గా జరిగినా గజ్జి దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. ఈ రోజుల్లోనే మనుషులు రోజు విడిచి రోజు క్రీము రాస్తారు. క్రీము చర్మాన్ని ఎండగడుతుంది, ఎండిన చర్మం దురద పెడుతుంది, దురద పెట్టింది కాబట్టి ఇంకా రాస్తారు. పురుగులు చచ్చిన ఒంటి మీద మందే దురద రోగమై కూర్చుంటుంది.

మరి నిజంగా తగ్గనిది ఎప్పుడు? కొత్త పొక్కులు, కొత్త సొరంగాలు కొత్త చోట్ల వస్తుంటే ఒక గుర్తు. తగ్గుతూ వచ్చిన దురద మళ్ళీ రాత్రిళ్ళు పెరిగితే ఇంకో గుర్తు, అప్పుడు ముందు అనుమానించాల్సింది వైద్యం చేయించుకోనివాళ్ళ నుంచి మళ్ళీ అంటడం. గజ్జి పురుగులు పెర్మెత్రిన్‌కి లొంగట్లేదని యూరప్ చర్మవైద్యులు ఇటీవలి ఏళ్ళలో గట్టిగా అంటున్నారు, మన దగ్గరా ఆ మాట వినపడుతోంది. కాదు, సరిగ్గా రాయకపోవడమే అసలు కారణం అనేవాళ్ళూ అంతేమంది ఉన్నారు. నాకు అనిపించేది, ఏడుగురికి ఒక ట్యూబు పంచిన ఇంట్లో కూర్చుని ఆ చర్చ తేలదు.

ఇంకో అవకాశం, అసలది గజ్జే కాకపోవడం. లేదా గజ్జి మీద ఎవరో స్టీరాయిడ్ క్రీము రాయించడం. మూడు నాలుగు మందులు కలిపిన క్రీములు తామరకీ గజ్జికీ అన్నిటికీ అని అమ్ముడుపోతాయి, స్టీరాయిడ్ ఎలర్జీని అణచేస్తుంది కాబట్టి రెండు రోజులు దేవుడిలా పనిచేస్తుంది, కింద పురుగులు నిశ్చింతగా పిల్లల్ని పెడతాయి. 2018లో కేంద్రం చాలా స్టీరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేనిదే అమ్మకూడదు. చట్టంలో ఆ మాటకి అర్థం పట్టా ఉన్న డాక్టర్ అని, మన ఊళ్ళల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు.

పుళ్ళకి చీము పడితే, జ్వరం వస్తే, పిల్లల మొహం ఉబ్బినా మూత్రం ఎర్రగా వచ్చినా దురద లెక్కలు పక్కన పెట్టాల్సిందే. గోకిన పుళ్ళల్లో చేరే బాక్టీరియా కిడ్నీలని దెబ్బతీయగలదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పురుగు మనిషిని వదిలి రెండు మూడు రోజులకి మించి బతకదు, కాబట్టి ఆ మూడు రోజుల్లో వాడిన దుప్పట్లూ బట్టలూ వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో వేస్తే చాలు. ఉతకలేనివి మూటగట్టి వారం పక్కన పెట్టొచ్చు. ఇల్లంతా పురుగుమందు కొట్టక్కర్లేదు.

పిన్ని కూతురు మర్నాడు ఇంటిల్లిపాదినీ ఆటోలో ఎక్కించుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళింది. పాపకి గంధకం లేపనం, అత్తగారు రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారని తెలిసి ఆవిడకి క్రీము మాత్రమే, మిగతావాళ్ళలో ఎవరికి మాత్ర ఎవరికి క్రీము అన్నది తూకం వేసి రాశాడట. అందరూ ఒకే రాత్రి మొదలుపెట్టారు. రెండో విడత వచ్చే బుధవారం పడింది, హాస్టల్ తెరిచేది సోమవారం. అమ్మాయి పెట్టెలో రెండో ట్యూబు, తేదీ రాసిన చీటీ పెట్టి పంపిస్తోంది. ఆ గదిలో ఇంకో పదకొండుమంది పిల్లలుంటారట. వార్డెన్ మేడమ్‌కి ఏమని చెప్పాలి అని ఇప్పుడే మళ్ళీ మెసేజ్ పెట్టింది.